గోడ మీది పుణ్యవతి

దుర్గాభవాని చేసే ఉద్యోగం ఏమిటో ఒడిశా సరిహద్దు పల్లె గిరిసోలలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బరంపురం రైలెక్కుతుంది, దీపాలు పెట్టే వేళకు దిగుతుంది. ఎవరైనా అడిగితే అత్త పుణ్యవతి చెప్పే జవాబు ఒక్కటే: "మా కోడలు కాపలా కాస్తాదమ్మా. కంప్యూటర్లకి." విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నిజానికి ఆ ఉద్యోగాన్ని అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లు ఆఫీసులో కూడా లేరు.

దుర్గ పుట్టింది దిగపహండిలో. తండ్రి అప్పలస్వామికి బస్టాండు ఎదురుగా సైకిళ్ల రిపేరు దుకాణం ఉండేది. ఒడియాలో పాఠాలు విని, ఇంగ్లీషులో పరీక్షలు రాసి, తెలుగులో ఏడ్చుకుని, ఎలాగో బరంపురంలో కంప్యూటర్ డిప్లొమా గట్టెక్కింది. గిరిసోలలో గూడ్సు ఆటో నడిపే ఢిల్లీశ్వరరావుతో పెళ్లయ్యాక ఉద్యోగం దొరికింది. కోడలు రైలెక్కి పోతే ఇల్లెవరు చూస్తారని చుట్టాలు మూతులు ముడిచారు. అప్పుడు పుణ్యవతి నడి వాకిట్లో నిలబడి, "నాను తెల్లారకముందే పువ్వుకి ఎల్లిపోతే ఇన్నాళ్లూ ఇల్లెవరు సూసినారు? దాన్ని ఎల్లనివ్వండి" అంది. ఆ మాటతో అందరి నోళ్లూ మూతబడ్డాయి. దుర్గ ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే తర్వాత జరిగినదానికి ఆమెకి ఇంత నొప్పి ఉండేది కాదు.

పుణ్యవతిది మొగలిపువ్వు పని. ఊరికి సముద్రం వైపు ఇసుక నేలల్లో, పొలం గట్ల మీద మొగలి పొదలు దట్టంగా ఉంటాయి. వానాకాలంలో ఆ పువ్వుని అత్తరు కాచే బట్టీలవాళ్లు కొనుక్కుపోతారు. వెదురు కర్రకు కొక్కెం కట్టి, రంపపు పళ్లలాంటి ముళ్లున్న ఆకుల మధ్య నుంచి పువ్వుని లాగాలి. చూపు ఏ కాస్త తప్పినా చెయ్యి చీరుకుపోతుంది. వయసు మీద పడ్డాక కూడా పుణ్యవతి చేతులు శుభ్రంగా ఉండేవి. ఆమెకున్న గర్వం అదొక్కటే.

దుర్గ ఆఫీసు బరంపురం గిరి రోడ్డులో ఒక బట్టల షాపు మీద రెండో అంతస్తు. ఊళ్లోని ఒక కంటి ఆసుపత్రి వాళ్లకి పేరు రాయించుకునే యాప్ తయారుచేసి, దాని మంచిచెడ్డలు చూసే చిన్న కంపెనీ. ఆ యాప్ నడిచే యంత్రాలు బరంపురంలో లేవు. క్లౌడ్ అంటారు, ఎక్కడో ముంబైలో అద్దెకి తీసుకున్నవి. వాటి ఆరోగ్యం గోడ మీది పెద్ద టీవీలో కనబడుతూ ఉంటుంది. యంత్రం వేడెక్కిందా, మెమరీ నిండిందా, డిస్కులో చోటుందా. బాగుంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. దుర్గ ఆ గోడ ఎదురుగా కూర్చునేది. ఆమె మీద రాఘవేంద్ర అనే మేనేజరు ఉండేవాడు. ఎవరు ఏ ఫిర్యాదు చేసినా ఆయన ముందు గోడ వైపు చూసి, ఆ తర్వాతే ఫోనులో మాట్లాడేవాడు.

ఒక సోమవారం ఆసుపత్రి గేటు దగ్గర జనం కిక్కిరిసిపోయారు. యాప్‌లో ఎవరికీ టోకెన్ రావడం లేదు. నొక్కితే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, అంతే. ఆసుపత్రివాళ్లు ఫోను చేస్తే రాఘవేంద్ర గోడ వైపు చూసి, "మా దగ్గర అంతా బాగానే ఉంది, మీ జనం నెట్‌వర్క్ చూసుకోమనండి" అన్నాడు. ఆ మాట మధ్యాహ్నం దాకా అంటూనే ఉన్నాడు. గోడ అబద్ధం చెప్పలేదు. యంత్రాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. లోపల ఏదో ఒక చిన్న ముక్క ఇంకో ముక్క కోసం ఎదురుచూస్తూ కూర్చుండిపోయింది. ఆ సంగతి గోడకి తెలియదు, తెలుసుకోమని దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ సోమవారం తిట్లు తిన్న తర్వాత, ఇప్పుడున్నదీ, బజారులో దొరికే ఇంకో రకమూ, రెండు రకాల కాపలాలనీ పోల్చి చూడమని దుర్గకీ, పింటుకీ పని అప్పగించారు. పింటు ఛత్రపురం వైపు ఒడియా కుర్రాడు, యాప్‌కి ప్రోగ్రాము రాసేవాడు. దుర్గని "నానీ" అని పిలిచేవాడు. గంజాం జిల్లా ఒడియాలో అక్కని అలాగే అంటారు. ఇద్దరూ కూర్చుని చాలా టూల్స్ చూశారు. వాటి అమ్మకందార్ల మాటలన్నీ ఒకే రకంగా ఉండి, వింటుంటే నిద్రొచ్చేది. చివరికి రాఘవేంద్రకి దుర్గ దిగపహండి బస్సు మీద పెట్టి చెప్పింది.

"సార్, ఇప్పుడు మనం చూస్తున్నది బస్సుని. ఇంజను బాగుందా, డీజిలుందా, టైర్లలో గాలుందా. అన్నీ ఉంటాయి. రోడ్డు మీద చెట్టు పడి బస్సు ఆగిపోయినా అన్నీ అలాగే ఉంటాయి. రెండో రకం టూల్ బస్సెక్కుతుంది సార్. జనంతోపాటు కూర్చుంటుంది. ఎక్కడ ఆగాం, ఎంతసేపు ఆగాం, దిగాల్సినచోట దిగామా లేదా, అది చూస్తుంది."

"అంటే మొదటిది వేస్టా?"

"కాదు సార్. డీజిలు అయిపోతే ఎక్కినవాడేం చెయ్యలేడు. రెండూ కావాలి. కానీ మనకి కావలసింది మనిషి పని అయిందా లేదా అని కదా."

ఆ మాట రాఘవేంద్రకి బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే, తర్వాత ఆసుపత్రి నడిపే ట్రస్టువాళ్ల ముందు అదే మాటని తన సొంతం చేసుకుని చెప్పాడు. దుర్గ ఏమీ అనుకోలేదు. మనిషి పని అయిందా లేదా అని చూసే కాపలా ఒకటి తన చేతుల మీదుగా వస్తోంది, అది చాలనుకుంది.

రెండో రకం కాపలాకి ఒక ఉత్తుత్తి రోగి కావాలి. ఆ రోగి మనిషి కాదు, ఒక ప్రోగ్రాము. అస్తమానూ యాప్ తెరుస్తుంది, పేరు చూపిస్తుంది, డాక్టర్ని ఎంచుకుంటుంది, టోకెన్ తీసుకుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది. దారిలో ఎక్కడ తడబడినా గోడ ఎర్రబడుతుంది. అయితే యాప్‌లో పేరు నమోదు కావాలంటే నిజమైన ఫోను నంబరు ఉండాలి. దానికి ఓటీపీ వెళ్తుంది. ఆఫీసులో అందరి నంబర్లూ ఉద్యోగుల లెక్కలో ముందే ఎక్కి ఉన్నాయి, వాటిని యాప్ రోగిగా తీసుకోదు. పింటు బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు. దుర్గకి అత్త గుర్తొచ్చింది. ఇంట్లో ఏ పరీక్ష వచ్చినా ముందుకొచ్చే మనిషి ఆమే కదా.

ఫోను చేసి, "అత్తా, నీ ఫోన్‌కి అంకెలొస్తాయి, సదివి సెప్పు" అంది.

పుణ్యవతికి అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. పువ్వు లెక్క ఆమె ఎవరికీ వదిలేది కాదు. ఒక్కొక్క అంకెనీ గట్టిగా పలుకుతూ చెప్పింది. "ఏటికే ఇది?" అని అడిగింది.

"మా ఆసుపత్రి కంప్యూటర్‌లో నీ పేరు రాస్తన్నాం. నీ పేరుతోనే రోజంతా పరీక్ష సేస్తాం."

"నా పేరుతోనా? బాగుంది. ఆగిపోకండా సూసుకో మరి."

ఉత్తుత్తి రోగి రోజంతా టోకెన్లు తీసుకుంటూ పోతే డాక్టర్ల జాబితా నిండిపోతుంది, అత్త ఫోన్‌కి మెసేజీలు వరదలా వస్తాయి. అందుకని దుర్గే పింటుకి చెప్పింది: ఆ నంబరుకి మెసేజీలు వెళ్లకుండా ఆపెయ్, ఆ నంబరు మీద ఉన్న టోకెన్లన్నీ సాయంత్రానికి తుడిచెయ్. పింటు శుభ్రంగా చేసిపెట్టాడు. పని మంచిదే, అవసరమైనదే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, చేదంతా అక్కడే ఉంది.

ఆ రోజు నుంచీ గోడ మీద ఒక మూల పుణ్యవతి పేరు వచ్చింది, పక్కన ఆకుపచ్చ దీపం. దుర్గ దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి అత్తకి చూపించింది. పుణ్యవతి దాన్ని మొగలి పొదల దగ్గర అందరికీ చూపించుకుంది. తర్వాత తర్వాత దుర్గ ఆ పేరుని పేరుగా చూడడం మానేసింది. రోజూ ఎదురుగా ఉండే క్యాలెండరులో దేవుడి బొమ్మని ఎవరు చూస్తారు? దీపం రంగే చూసేది.

తర్వాతి ఏడాది వానలు పడే వేళకి పుణ్యవతి ఎడమ కంటి ముందు సాలీడు గూళ్లు కదులుతున్నట్టుందని చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకి షుగరుంది. అదే ఆసుపత్రివాళ్లు గిరిసోల బడిలో కంటి శిబిరం పెట్టారు. కన్ను చూసినాయన లోపలి పొర దెబ్బతింటోంది, కంట్లో సూదిమందు వెయ్యాలి, ఆలస్యం చెయ్యకూడదు అన్నాడు. జనం ఎక్కువగా ఉన్నారు కాబట్టి పేరు రాసుకుంటామని, ఫోన్‌కి తారీఖు వస్తుందని, అది వచ్చాకే రమ్మని చెప్పి పంపారు.

ఆ సాయంత్రం దుర్గ రైలు దిగి ఇంటికొచ్చేసరికి పుణ్యవతి సంబరంగా ఉంది.

"నంబరు సెప్పగానే నా పేరు ముందే ఉన్నాదన్నాడే ఆ కుర్రోడు. ఇదివరకు ఒచ్చినావా అమ్మా అని అడిగినాడు. నా కోడలు రాయించింది అన్నాను. మళ్లీ రాయక్కర్లేదని టక్కున నొక్కేసినాడు."

దుర్గ కాళ్లు కడుక్కుంటూ నవ్వింది. ఆ రోజు రైల్లో నిలబడే వచ్చింది, నడుము లాగేస్తోంది. అత్త చెప్పింది చెవిన పడింది, లోపలికి దిగలేదు. రెండు కాపలాల మధ్య తేడా రాఘవేంద్రకి విడమరిచి చెప్పిన మనిషికి, తన ఇంటి అరుగు మీద విన్న ఆ ఒక్క మాట తట్టలేదు. దాన్ని ఏ టూలూ పట్టుకోలేదు, ఆమే పట్టుకోవాల్సింది.

వారాలు గడిచాయి. తారీఖు రాలేదు. పుణ్యవతి ఫోను కొంగున కట్టుకుని పువ్వుకి వెళ్లేది.

"నువ్వు ఆడే ఉంటావు గదే, ఓసారి అడగకూడదేటి?" అంది ఒకరోజు.

దుర్గకి అడగడం ఇష్టం లేదు. అంతకుముందు ఆఫీసులో ఒకడు తన బావమరిదిని వరసలో ముందుకి తోయించుకుంటే రాఘవేంద్ర పెద్ద గొడవ చేశాడు. పైగా దుర్గకి ఒక పట్టుదల ఉండేది. అడక్కుండానే, సిఫారసు లేకుండానే, ఎవరికైనా వరస వచ్చే ఏర్పాటు తన కళ్ల ముందు నడుస్తోందని. దానికి కాపలా కాసేది తానేనని.

"వరస కదలతన్నాది అత్తా. నాను రోజూ సూస్తన్నాను కదా. మా సిస్టం బాగున్నాది. నీ వరస ఇంకా రానేదు."

"నువ్వు సూస్తన్నావంటే సరే."

ఆ తర్వాత ఇంకోసారి అడిగింది. దుర్గ అదే జవాబు చెప్పింది, ఈసారి కొంచెం విసుగ్గా. మూడోసారి పుణ్యవతి అడగలేదు. కోడలు గోడ ఎదురుగా కూర్చుని ఉంటే తను తొందరపడటం మర్యాద కాదనుకుంది. గోడ మీద దీపం రోజంతా ఆకుపచ్చగా వెలిగింది. పుణ్యవతి పేరు రాసుకుంది, పుణ్యవతికి టోకెన్ వచ్చింది, పుణ్యవతి పని అయింది. పొద్దున్నా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున పుణ్యవతి పొదల దగ్గర నుంచి ఖాళీ గంపతో తిరిగొచ్చింది. "ఈ కన్ను మీద ఎవరో నల్లగుడ్డ కప్పినట్టున్నాదే" అంది. చెయ్యి మోచేతి దాకా చీరుకుపోయి ఉంది. ఢిల్లీశ్వరరావు కిరాయి వదులుకుని తల్లినీ భార్యనీ ఆటోలోనే బరంపురం తీసుకెళ్లాడు.

ఆసుపత్రి కౌంటరులో కుర్రాడు నంబరు కొట్టి చూశాడు. "ఈ నంబరు మీద ఏమీ లేదు మేడం."

"శిబిరంలో రాశారు. ఇంకోసారి చూడండి" అంది దుర్గ.

"ఏమీ లేదు. ఇది..." అంటూ అతను స్క్రీన్ వైపు వంగాడు. "ఇది టెస్ట్ పేషెంట్ అని వస్తోంది మేడం. నిజం మనిషి కాదు. ఈ పేరు మీద ఉన్నవి సాయంత్రానికి వాటంతటవే పోతాయి. మీరు వేరే నంబరు చెప్పండి."

దుర్గ పక్కనే నిలబడిన పుణ్యవతి ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఆ కుర్రాడిని చూస్తూ, "నిజం మనిషిని కాకపోతే మరేటి బాబూ నాను?" అంది. ఢిల్లీశ్వరరావు తన నంబరు చెప్పాడు. దాని మీద రాసుకుని లోపలికి పంపారు.

డాక్టరు మంచి మనిషి, నిదానంగా చెప్పాడు. లోపలి పొర ఊడిపోయింది. శిబిరం తర్వాత వెంటనే వచ్చి ఉంటే నిలిచేది. ఇప్పుడు ఎడమ కంటికి చూపు తెప్పించడం కుదరదు. కుడి కంటికి ఇవాళే సూది వేస్తాం, దాన్నైనా కాపాడుకుందాం. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగాడు. ఢిల్లీశ్వరరావు దుర్గ వైపు చూశాడు. పుణ్యవతే, "కబురు రానేదు బాబూ" అంది.

మర్నాడు ఆఫీసులో దుర్గ జరిగింది జరిగినట్టు చెప్పింది. పింటు, "నానీ, నేను మెసేజీలైనా ఆపకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆపమన్నది తనేనని దుర్గ అంది. రాఘవేంద్ర అయ్యో పాపం అన్నాడు, నిజంగానే అన్నాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం గోడ వైపు చూశాడు.

"అంటే మన సిస్టం ఎక్కడా ఆగలేదు కదా. రెండు టూల్సూ కరెక్టుగానే చూపించాయి."

"చూపించాయి సార్."

"ట్రస్టువాళ్లు అడిగితే అదే చెబుదాం."

"మా అత్తకి ఏం చెప్పమంటారు?" అంది దుర్గ. ఉద్యోగంలో చేరాక ఆయనతో గొంతు పెంచి మాట్లాడింది అదే మొదలు.

ఆ నంబరు తీసేసి ఇంకొకటి పెడదామని అనుకున్నారు. ఎవరైనా ఇంట్లోవాళ్ల నంబరు ఇవ్వండని రాఘవేంద్ర అడిగాడు. గదిలో ఎవరూ తల ఎత్తలేదు. ఆయనా జేబులోంచి ఫోను తీసి, ఒకసారి చూసుకుని, మళ్లీ లోపల పెట్టేసుకున్నాడు. కొత్త సిమ్ కొందామన్నారు. దానికి పైనుంచి అనుమతి రావాలి. అది ఇంకా రాలేదు. పుణ్యవతి పేరు గోడ మీద అలాగే ఉంది. అసలు పుణ్యవతికి కుడి కంటి వైద్యం కొడుకు నంబరు మీద జరుగుతోంది, ఎందుకంటే ఆమె సొంత నంబరు యంత్రానిదైపోయింది.

దుర్గ ఇంట్లో దాచలేదు. అరుగు మీద అత్త ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. ఓటీపీ చెప్పించుకోవడం, మెసేజీలు ఆపమనడం, టోకెన్లు తుడిచెయ్యమనడం, అన్నీ. పుణ్యవతి అర్థం కానట్టు నటించలేదు. అంతా విని, లేచి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత చాలా రోజులు కోడలితో పలకలేదు. అన్నం పెట్టేది, క్యారేజీ సర్దేది, మాట మాత్రం లేదు. ఢిల్లీశ్వరరావు ఇద్దరి మధ్యా తిరుగుతూ, ఆటోకి లేని రిపేర్లు చేసుకుంటూ కాలక్షేపం చేసేవాడు. ఊళ్లో చుట్టాలు మాత్రం ఊరుకోలేదు. రైలెక్కి ఉద్యోగానికి పంపితే ఇలాగే ఉంటుందన్నారు. ఈసారి పుణ్యవతి వాకిట్లోకి వచ్చి వాళ్ల నోళ్లు మూయించలేదు.

మొగలి పొదలకి ఆమె ఇంకొకసారి వెళ్లింది. ఒంటి కంటికి పువ్వు ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు. రెండు చేతులూ రక్తం చేసుకుని తిరిగొచ్చింది. వెదురు కర్రని పక్కింటి కోడలికి ఇచ్చేసింది. దుర్గ ఆ సాయంత్రం ఆమె చేతులకి పసుపు రాస్తుంటే మాత్రం వెనక్కి లాక్కోలేదు. రాయనిచ్చింది.

అప్పుడు అడిగింది. "ఆడ నా పేరు ఇంకా ఉన్నాదా?"

"ఉన్నాది అత్తా."

"ఈయేళ కూడా పేరు రాయించుకున్నాదా అది?"

"రాయించుకున్నాది."

"టోకెను ఒచ్చిందా?"

"ఒచ్చింది. రోజూ లాగే."

దుర్గ చేతిలో పసుపు ఆరిపోతోంది.

"ఇన్నాళ్లలో దాన్ని ఏ డాక్టరైనా ఒక్కసారి సూసినాడేటి?"

దుర్గ తల అడ్డంగా ఊపింది. అత్తకి అటువైపు కంటికి చూపు లేదని గుర్తొచ్చి, నోటితో చెప్పింది. "నేదు అత్తా."

"అయితే దాని గతీ నా గతే," అంది పుణ్యవతి, రెండో చెయ్యి చాపుతూ.